మా ఊళ్ళోనే మా అక్క నాన్‌లోకల్

బడికి పోనందుకు నాకు సర్కారు ఉద్యోగం వచ్చింది. బడికి పోయినందుకు మా అక్కకు రాలేదు. ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు, తర్వాత నాకు మతి పోయిందేమో అన్నట్టు చూస్తారు. మతి నాకు బాగానే ఉంది. పోయిందేమో అనిపించిన రోజులు లేకపోలేదు గానీ, అప్పుడు కూడా పోయింది నాది కాదనే అనుకున్నాను.

మా ఊరు హిందూపురంలో బస్సెక్కి, దిగి, ఇంకా కొంత నడిస్తే వచ్చే ఊరు. ఊరికి పడమర ఒక వంక ఉంది. వానలు పడినప్పుడు నాలుగు రోజులు పారి, మిగతా ఏడాదంతా ఇసుక మేట వేసుకుని ఉంటుంది. వంకకు ఇవతల ఆంధ్రప్రదేశ్, అవతల కర్ణాటక. మా అవ్వ కాపురానికి వచ్చిన కొత్తలో ఇవతల మద్రాసు సర్కారు, అవతల మైసూరు మహారాజు. ఆ తర్వాత ఇవతల ఆంధ్ర రాష్ట్రం అన్నారు, కొన్నాళ్ళకు దాన్ని హైదరాబాదుతో కలిపి ఆంధ్రప్రదేశ్ అన్నారు. అవ్వ ఇవేవీ పట్టించుకోలేదు. వంక దాటి సంతకు పోయేది, వంక దాటి పురుళ్ళు పోసేది, వంక అవతలి పిల్లనే మా చిన్నాయనకు చేసుకొచ్చింది. ఆమె నోట్లో తెలుగు, కన్నడ ఒకే సంకటి ముద్దలా కలిసిపోయి ఉండేవి.

మా ఊరి బడి అయిదో తరగతితో అయిపోయేది. ఆపైన చదవాలంటే మా వైపు హైస్కూలుకు బస్సులో పోవాలి. ఆ బస్సు ఇష్టమైన రోజు వచ్చేది, కష్టమైన రోజు వచ్చేది కాదు. వంక అవతల హైస్కూలుకు మాత్రం ఆడపిల్లలు నలుగురు కలిసి మాట్లాడుకుంటూ నడిచిపోవచ్చు. కాబట్టి మా వీధి ఆడపిల్లలంతా అక్కడికే. అది వేరే రాష్ట్రమని అందరికీ తెలుసు. తెలిస్తే ఏమి? గేదెలు కూడా ఆ పక్కకే మేతకు పోయేవి. మా అక్క అయిదు అయిపోగానే ఆ బడిలో చేరింది. కన్నడ అక్షరాలు దిద్దుకుంది, అక్కడే పదో తరగతి పాసైంది, అదీ బడికంతా మొదటి మార్కులతో.

నాకు చదువంటే ఒళ్ళుమంట. నన్నెవరో చదువు మాన్పించి పనికి పెట్టారని ఇప్పుడు కొందరు జాలి పడతారు, అదేం లేదు. మా మేనత్త వాళ్ళు ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్ళు. అత్తకు ఆడపిల్లలు లేరు, కండెలు చుట్టడానికి చేతులు కావాలి. నేను ఎగిరి గంతేసి పోయాను. అక్కడ సినిమా హాళ్ళున్నాయి, సాయంత్రం పూట వేడివేడి బజ్జీలున్నాయి, లెక్కల అయ్యవారు లేడు. రాట్నం ముందు కూర్చుని పట్టుదారం కండెకు చుడుతూ, అత్త మగ్గం చప్పుడు వింటూ పెద్దదాన్నయ్యాను. చిన్నప్పుడు అవ్వ దగ్గర అబ్బిన కన్నడం ఆ చప్పుళ్ళలోనే ఎక్కడో జారిపోయింది.

అక్క పదో తరగతి కాగానే హిందూపురంలో నర్సు ట్రైనింగు చేసింది. పల్లెల్లో పిల్లలకు టీకాలు వేసి, గర్భిణులను చూసుకునే ఏఎన్ఎం పని అది. ట్రైనింగు అయ్యాక ఒక చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో చేరింది. తొంభైలలో ఒకసారి జిల్లాలో ఆ పోస్టులకు ప్రకటన పడింది. అక్క మార్కులు చూసినవాళ్ళంతా పోస్టు నీదే పో అన్నారు. అమ్మ అయితే తెల్లచీర ఉతకడం ఎంత కష్టమో అప్పటినుంచే మాట్లాడటం మొదలుపెట్టింది. తీరా జాబితా వచ్చేసరికి అక్క పేరు ఎదురుగా నాన్‌లోకల్ అని ఉంది. పోస్టు రానివాళ్ళలో అన్ని మార్కులున్నవాళ్ళు ఇంకెవరూ లేరు.

మా నాయన ఊరుకునే మనిషి కాదు. ఏ కాగితానికైనా పెనుకొండ రెవెన్యూ ఆఫీసులో మందు దొరుకుతుందని ఆయన నమ్మకం. అత్తవాళ్ళకు పట్టు దొరక్క మగ్గం ఆగిన రోజులవి, నేను ఊరికి వచ్చి ఉన్నాను. నాయన, అక్క, వాళ్ళ తోకలా నేను, ముగ్గురం పెనుకొండ పోయాం. ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నాడు, రిటైరు కాబోతున్న అధికారి. కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోయి ఉంది. మేం చెప్పిందంతా విని అక్క సర్టిఫికెట్లు తిరగేసి చూశాడు.

మా నాయన ఆగలేకపోయాడు. కిటికీలోంచి కనపడే కొండకేసి చెయ్యి చూపించాడు.

"ఆ కొండ మింద రాయలోళ్ళు ఉన్నంటి కాలం నుంచీ మేమీడనే ఉండాం సార్. మా తాత ఈడనే పుట్టె, ఈడనే పోయె. ఈ పాప యాడిదని రాసినారు సార్ మీరు?"

ఆ పెద్దాయన కసురుకోలేదు. అక్కను కూర్చోమన్నాడు. నన్ను కూడా కూర్చోమన్నాడు, అది నాకు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత ఆయన చెప్పింది వింటే నాకు సగమే అర్థమైంది, మిగతా సగం పరీక్షకు చదివినప్పుడు అర్థమైంది.

హైదరాబాదు నిజాము ఏలుబడిలో ఉన్నప్పుడు అక్కడి కొలువులు అక్కడివాళ్ళకే అనే ముల్కీ నియమం ఉండేదట. రాష్ట్రాలు కలిపినప్పుడు మీ కొలువులు మీకే ఉంటాయని అక్కడివాళ్ళకు మాట ఇచ్చారు. ఇచ్చిన మాట నిలవలేదు, బయటినుంచి వచ్చినవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. అక్కడి పిల్లలు వీధుల్లోకి వచ్చారు, ప్రాణాలు కూడా పోయాయి. తర్వాత ఆ నియమం చెల్లుతుందని పెద్ద కోర్టు తీర్పు చెప్పేసరికి, మన రాజధానిలో మనం పరాయివాళ్ళమా అని ఈ పక్కవాళ్ళకు రగిలింది. కోస్తాలో, సీమలో రైళ్ళు ఆగాయి, కాలేజీలు మూతపడ్డాయి. రాష్ట్రం రెండు ముక్కలు కాకుండా ఢిల్లీలో కూర్చుని ఒక ఒప్పందం చేశారు. ఇంక ముల్కీ లేదు, ఎవరి జిల్లాలో వాళ్ళు లోకల్, కింది కొలువుల్లో ఎక్కువ వంతు లోకల్ వాళ్ళకే. ఊరికే మాటగా వదిలేస్తే మళ్ళీ తప్పుతారని ఆ ఒప్పందాన్ని తీసుకెళ్ళి రాజ్యాంగంలోనే ఒక అధికరణంగా చేర్చారు. దేశమంతటికీ ఉన్న రాజ్యాంగంలో మన రాష్ట్రం పేరు మీద అట్లా ఒక తావు ఏర్పడింది. దాని కింద రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. లోకల్ అంటే ఎవరు అన్నదానికి ఆ ఉత్తర్వులో ఒక కొలత ఉంది. పదో తరగతి పాసయ్యే ముందు వరసగా నాలుగేళ్ళు ఏ జిల్లాలో చదివితే అదే నీ జిల్లా.

"ఈ పాప చదివింది వేరే రాష్ట్రంలో" అన్నాడు పెద్దాయన. "రూలు రాసినోళ్ళ కండ్లకు గుంటూరు కనపడింది, వరంగల్లు కనపడింది. మీ వంక కనపల్లేదమ్మా."

మా అక్క తల ఊపింది. ఎవరి మీద అరవాలో తెలిస్తే నేనైనా అరిచేదాన్నే. ఆ రూలు లేకపోయుంటే మన కరువు జిల్లాలో పోస్టులన్నీ బాగా చదువుకున్న జిల్లాల వాళ్ళే ఎగరేసుకుపోయేవాళ్ళని కూడా ఆయన చెప్పాడు. అదీ నిజమే. మేం సర్టిఫికెట్లు సర్దుకుంటూ ఉంటే ఆయన మా నాయనను అడిగాడు, ఆ రైళ్ళు ఆపిన గొడవ నీకు గుర్తుండాలి కదప్పా అని. మా నాయన ఏదో గొణిగి బయటికి నడిచాడు.

బస్సులో సగం దూరం వచ్చాక ఆయన నోరు విప్పాడు. ఆ గొడవల్లో ఆయన కూడా హిందూపురం స్టేషన్లో రైలుపట్టాల మీద పడుకున్నాడట. ముల్కీ అంటే ఏమిటో ఆయనకు తెలీదు. స్నేహితులు పోతుంటే పోయాడు. అక్కడ చిత్రాన్నం పొట్లాలు పంచారట, రెండు తిన్నాడట. ఆ మాట చెప్తుంటే మా నాయన మొహం నేనెప్పుడూ చూడని మొహం. అక్క ఒక క్షణం ఆయనకేసి చూసి నవ్వింది.

"అయితే నా పోస్టు ఆ పొద్దే తినేసినావు నాయనా, చిత్రాన్నంతో పాటు."

అక్క హాస్యానికే అన్నది. మా నాయనకు మాత్రం అది ముల్లులా దిగింది. ఆ రాత్రి సంకటి సగంలో వదిలి లేచాడు. మర్నాడు పొద్దున లేచి, మా ఇద్దరినీ పిలిచి, ఉపాయం దొరికిందన్నాడు.

ఉపాయం ఎక్కడిదంటే, పెనుకొండలో ఆ పెద్దాయన నా గురించి కూడా అడిగాడు, ఈ పాప యాడ చదివిందని. మా నాయన సిగ్గుపడుతూ, ఇది చదవలేదు సార్, ధర్మవరంలో అత్త ఇంట్లో మగ్గం పని చేస్తాంది అన్నాడు. బడికి పోనివాళ్ళకు చదివిన చోటు ఉండదు కాబట్టి నివాసం చూస్తారనీ, ఈమె జిల్లా దాటలేదు కాబట్టి ప్రైవేటుగా పది పాసైతే నికరంగా లోకల్ అవుతుందనీ ఆయన చెప్పాడు. మా నాయన దాన్ని పట్టుకున్నాడు. నేను ప్రైవేటుగా పది రాయాలి, అట్లా రాస్తే లోకల్ అయితే అక్క కూడా పది మళ్ళీ ప్రైవేటుగా రాయాలి. అంతే, సమస్య తీరింది! వంక ఇవతలి మనుషులకు తప్ప ఇంకెవరికీ ఇట్లాంటి ఆలోచన రాదు. మాకు వంక అవతలి పంట లెక్కలోకి రాకపోతే ఇవతల మళ్ళీ విత్తుకోవడం అలవాటు.

పాసైన పరీక్ష మళ్ళీ ఎవరు రాయనిస్తారు నాయనా అని అక్క చాలాసేపు చెప్పి చూసింది. ఆయన బతిమాలాడు. ఆయన బతిమాలడం మాకు కొత్త. ఇంకో పక్క నేను పట్టుబట్టాను, అక్క నేర్పిస్తే తప్ప పుస్తకం ముట్టనని. ఎటూ కాదనలేక అక్క ధర్మవరంలోనే ఒక ఆస్పత్రిలో పని వెతుక్కుని అత్త ఇంటికి వచ్చేసింది. నేను రాట్నం తిప్పుతుంటే పక్కన కూర్చుని చదివి వినిపించేది. దారం తెగితే ముడి వేసినంత సేపు ఆగి, అప్పటిదాకా చెప్పింది నన్ను తిరిగి చెప్పమనేది. సాంఘికశాస్త్రంలో రాష్ట్ర ప్రభుత్వం పాఠం వచ్చినప్పుడు గవర్నరు, మంత్రిమండలి, శాసనసభ అని చెప్పుకుంటూ పోయింది. నేను తిక్కగా అడిగాను, ఇందులో నీ అధికరణం యాడుందని. పదో తరగతికి అంత దూరం చెప్పరులే అంది.

రెండేళ్ళకు గానీ నేను పరీక్షకు తయారు కాలేదు. ముందే పాసయ్యావా అని ఫీజు కట్టించుకున్నవాళ్ళు అక్కను అడగనే లేదు, హిందూపురంలో ఒకే గదిలో ఇద్దరికీ నంబర్లు పడ్డాయి. మొదటి రోజు అక్క లోపలికి వస్తే, ఇన్విజిలేటరు ఆమెను కూడా ఇన్విజిలేటరే అనుకుని పక్కనున్న కుర్చీ చూపించాడు. అక్క వచ్చి నా వెనక బెంచీలో కూర్చుంది. కన్నడ బడిలో చదువుకున్న మనిషికి తెలుగులో నాకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. నేనూ పాసయ్యాను. మా నాయన ఊరంతా మైసూరుపాకు పంచాడు, ఇద్దరు కూతుళ్ళూ ఒకేసారి పది పాసయ్యారని. అందులో ఒకామెకు అప్పటికే పెళ్ళయింది.

ఆ తర్వాత నేనూ నర్సు ట్రైనింగు చేశాను. రెండువేల తర్వాత మళ్ళీ పోస్టులు పడ్డాయి. అక్కకు వయసు దాటిపోయే ముందు ఇదే ఆఖరి అవకాశం. ఇద్దరం దరఖాస్తు పెట్టాం, ఇద్దరం సర్టిఫికెట్లు చూపించడానికి అనంతపురం పోయాం. మా నాయన కూడా వచ్చి బయట చెట్టు కింద నిలబడ్డాడు.

బల్ల దగ్గర ఉన్న ఆమె వయసులో అక్కకంటే చిన్నది. అక్క కాగితాలు చూసి అయోమయపడింది. నర్సు ట్రైనింగు ముందు అయింది, పదో తరగతి తర్వాత అయింది, ఇదెట్లా అని అడిగింది. అక్క అబద్ధం చెప్పలేదు. చెప్పాలనుకున్నా ఆమెకు రాదు. సంచీలోంచి కన్నడ సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టి, ఇది మొదటిది, అది మా నాయన కోసం రాసింది అని చెప్పింది. ఆమె లోపలికి పోయి పై అధికారితో మాట్లాడి వచ్చింది. మొదట పాసైందే లెక్క అన్నది. చెప్తున్నప్పుడు అక్క మొహం చూడలేకపోయింది పాపం. అందరికీ కలిపి ఉంచిన కొద్ది పోస్టుల్లో పోటీ పడవచ్చన్నది. ఆ కొద్ది పోస్టులకు రాష్ట్రం నాలుగు మూలల నుంచీ జనం వచ్చి ఉన్నారు. అక్కకు రాలేదు, చాలా కొద్దిలో పోయింది.

నాకు వచ్చింది. అక్కకంటే తక్కువ మార్కులతో, అక్క నేర్పించిన చదువుతో, నాకు వచ్చింది.

ఆ రోజు నాకు కలిగింది సంతోషమని ఎవరైనా అంటే వాళ్ళతో తగువు పెట్టుకుంటాను. నేను చేరను అన్నాను. ఇంటి పంచలో అందరి ముందూ అన్నాను. అమ్మ ఏడ్చింది, నాయన గోడకు తిరిగి కూర్చున్నాడు. అక్క మాత్రం బిడ్డను చంకనేసుకుని నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నువ్వు చేరకుంటే ఆ పోస్టు నాకిస్తారా?" అని అడిగింది. "ఇయ్యరు. లిస్టులో నీ తర్వాత ఎవరుంటే వాళ్ళకు పోతాది. రెండేండ్లు నీ రాట్నం పక్కన కూర్చుని నేర్పినా. దాన్ని నువ్వు పారేస్తే నన్ను పారేసినట్లే. పో, చేరు."

చేరాను. ఊళ్ళు ఎంచుకోమన్నప్పుడు మడకశిర దిక్కున సరిహద్దు పల్లెలు మిగిలి ఉన్నాయి. బస్సు సరిగా లేదని, కన్నడం మాట్లాడతారని వాటిని ఎవరూ అడగలేదు. నేను అడిగాను. అక్క కాపురం అక్కడికి దగ్గర, అంతకంటే పెద్ద ఆలోచన ఏమీ చేయలేదు. సొంత మనుషుల మధ్య ఉంటాననుకున్నాను.

చేరిన వారం టీకాల రోజు, బుధవారం, నా తెల్లచీర కట్టుకుని, మందుల డబ్బా చంకన పెట్టుకుని ఒక పల్లెకు పోయాను. ఆడవాళ్ళు పిల్లలను ఎత్తుకుని వచ్చారు. వచ్చినవాళ్ళు గబగబా ఏదో అడుగుతున్నారు, నాకు మాట తెలియడం లేదు. దుడ్లు అన్న మాట ఒక్కటి అర్థమైంది, డబ్బు ఇవ్వాలా అని అడుగుతున్నట్టున్నారు. లేదని చెయ్యి ఊపాను. జ్వరం వస్తే ఏం చేయాలో చెప్పాలి, ఎట్లా చెప్పను? ఆ జిల్లా లోకల్ నర్సును నేను. మా అవ్వ మాట్లాడిన మాటకు నా నోట్లో బదులు లేదు. ఇద్దరు ముగ్గురు తల్లులు సూది వేయించకుండానే పిల్లలను తీసుకుని వెళ్ళిపోయారు.

తర్వాతి బుధవారం మా నాయన మోపెడ్ మీద అక్కను వెనక కూర్చోబెట్టుకుని వచ్చి ఆ పల్లెలో దింపాడు. నేను పిలవలేదు. ఇంట్లో నేను చెప్పుకుంటే విని, ఆయనే అక్కకు చెప్పి ఉంటాడు. ఆయన బండి నీడన పెట్టి, వేపపుల్ల నములుతూ దూరంగా నిలబడ్డాడు. ఎండ ఎక్కినా ఇంటికి పోలేదు.

అక్క నేల మీద చాప పరిచింది. ఆమె కన్నడంలో నోరు తెరవగానే తల్లులంతా ఆమె చుట్టూ చేరారు. నవ్వుతూ ఒక బిడ్డ తొడ పట్టుకుంది, ఇంకో బిడ్డ ముక్కు తుడిచింది, సూది వేశాక ఏం చేయాలో ఒక్కొక్కరికీ చెప్పింది. నేను సూదులు వేస్తూ, రిజిస్టర్‌లో రాస్తూ పోయాను. వెళ్ళిపోయిన తల్లులు కూడా తిరిగొచ్చారు. వాళ్ళలో ఒక ముసలామె మనవణ్ణి ఒడిలో పెట్టుకుని అక్కను ఏదో అడిగి, నాకేసి చూసింది. అక్క ఏదో చెప్పింది. అందరూ నన్ను చూసి నవ్వారు. ఎగతాళి నవ్వు కాదు, ఇంటికి వచ్చిన చుట్టాన్ని చూసి నవ్వినట్టు నవ్వారు.

ఏమన్నారని అక్కను అడిగాను.

"ఈ అమ్మది యా ఊరు అని అడుగుతాండాది" అంది అక్క, బిడ్డ కాలు కదలకుండా పట్టుకుంటూ. "మన పక్కకు కొత్త, మెల్లగా నేర్చుకుంటాదిలే అని చెప్పినా. సూది ఎయ్యి పాపా, బిడ్డ ఏడుస్తాండాడు."